చెంగయ్య హాజరైన సాయంత్రం

పాకాల నుంచి దామలచెరువు వైపు పోతుంటే, రైలు పట్టాలకు అవతల, మద్దులపల్లెకు కొంచెం ఎడంగా నాలుగు ఎరుకల గుడిసెలు ఉండేవి. వాటిలో ఒకటి అక్కమ్మది. నేను ఎరిగేనాటికి ఆమె పళ్లు ఊడిన ముసలిది. పాకాల సంతలో ఈత గంపలు ముందు పెట్టుకుని కూర్చునేది. ఏ ఆడమనిషైనా పక్కన కూలబడి సోది చెప్పమని చేయి చాపితే, "అది ఇడిసిపెట్టి శానా కాలమాయ తల్లీ. గంప కావాల్నంటే సెప్పు" అనేది. ఎందుకు విడిచిపెట్టిందో ఒక ఎండాకాలమంతా ముక్కలు ముక్కలుగా తనే నాకు చెప్పింది. ఆమె చెప్పలేక ఆగిపోయిన చోట ఆమె మొగుడి అన్న పెంచలయ్య అందుకున్నాడు.

అక్కమ్మ పుట్టింది కాళహస్తి పక్కన. మద్దులపల్లె చెంగయ్యకు ఇచ్చి చేశారు. పెళ్లికొడుకు తన పెళ్లికి రావడానికే మునసబు దగ్గర చీటీ రాయించుకోవాల్సి వచ్చింది. గడువు లోపల తిరిగి ఊరు చేరకపోతే జైలు. అందుకని తాళి కట్టిన మధ్యాహ్నమే, వండిన కూర ఇంకా పొయ్యి మీద ఉండగానే, కొత్త పెళ్లాన్ని వెంటబెట్టుకుని బయల్దేరాడు. దారి పొడుగునా పొద్దు ఎంత వాలిందా అని చూసుకుంటూ నడిచాడు. "నా మొగం సరింగా సూసింది ఈడికొచ్చినాకనే" అని చెప్పి అక్కమ్మ నవ్వేది. ఈ కథలో ఆమె నవ్వుతూ చెప్పింది ఆ ఒక్కటే.

ఎరుకలవాళ్లు పుట్టుకతోనే నేరస్థులని తెల్లదొరల ప్రభుత్వం ఒక చట్టం చేసి పెట్టింది. మగవాడికి వయసు రాగానే స్టేషనుకు పోయి వేలిముద్రలు వేయాలి. రోజూ దీపాలు పెట్టే వేళకు మునసబు ఇంటి అరుగు ముందు నిలబడి కనబడాలి. దాన్ని హాజరు అనేవాళ్లు. ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. చీటీ లేకుండా పొరుగూళ్లో కనిపించినా, ఒక్క పొద్దు హాజరు తప్పినా అదే నేరం. ఏం దొంగిలించావని ఎవరూ అడగరు, ఎందుకు రాలేదనే అడుగుతారు.

అక్కమ్మ అత్తకు మాత్రం వేరే కాలం గుర్తుండేది. "మనం దొంగోళ్లం కాదు మే, ఉప్పోళ్లం" అనేది ఆమె కోడలితో. ఆమె మామగారి కాలంలో ఇంటికి గాడిదల మంద ఉండేదట. సూళ్లూరుపేట అవతలి ఉప్పు మళ్ల నుంచి గాడిదల మీద ఉప్పెత్తుకుని, కనుమలెక్కి పుంగనూరు, మదనపల్లె దాకా పోయేవాళ్లు. ఉప్పు పోసి ధాన్యం, చింతపండు కొలిపించుకుని దిగేవాళ్లు. ఊళ్లలో పిల్లలు ఎదురొచ్చి "ఉప్పు మామ వచ్చినాడు" అని అరిచేవాళ్లట. తర్వాత ఉప్పు మీద సర్కారు పన్ను పెరిగింది. పట్టాలు పడ్డాయి, ఉప్పు వ్యాగన్లలో రావడం మొదలైంది. గాడిదలను ఒక్కొక్కటే అమ్ముకున్నారు. అలవాటు కొద్దీ ఊరూరా తిరిగే మనుషులు మిగిలారు. ఉప్పు లేకుండా తిరిగేవాణ్ణి చూసి ఊళ్లు తలుపులు వేసుకున్నాయి, సర్కారు చట్టం చేసింది.

చెంగయ్య మామిడిపండ్ల గంపలు అల్లేవాడు. మామిడికాలంలో దామలచెరువు మండీల వాళ్లకు ఎన్ని గంపలైనా చాలవు. మిగతా నెలల్లో అక్కమ్మ సోది చెప్పి తెచ్చిన గింజలతో గడిచేది. ఆడవాళ్లకు హాజరు లేదు కాబట్టి ఆమె తిరగగలిగేది. ఆమె తల్లి చనిపోయిన కబురు వచ్చిన రోజు మునసబు తాలూకా కచేరీకి పోయి ఉన్నాడు. చీటీ ఇచ్చే దిక్కు లేదు. నువ్వు పో అన్నాడు చెంగయ్య. కొంత దూరం పోయాక అక్కమ్మ వెనక్కి చూస్తే వస్తూ ఉన్నాడు. ఆమె ఒక్కతే ఏడుస్తూ పోతుంటే చూడలేకపోయాడు. రేణిగుంట దగ్గర పోలీసులు పట్టుకున్నారు. అక్కమ్మ తల్లి ముఖం చూడగలిగింది, చెంగయ్య కొన్ని నెలలు జైలు చూశాడు. మొదటి తప్పు కాబట్టి తక్కువ వేశామని, రెండోసారి ఇలా ఉండదని చెప్పి పంపారు.

అప్పటి నుంచి అతను జ్వరమొచ్చినా హాజరు మానలేదు. వానలో గోనెసంచి కప్పుకుని పోయేవాడు.

మునసబు దొరస్వామి రెడ్డి క్రూరుడేమీ కాదు. చెంగయ్య దగ్గితే, "కషాయం తాగురా" అనేవాడు. పై అధికారులంటే మాత్రం చచ్చేంత భయం. యుద్ధం మొదలై పల్లెల నుంచి పటాలానికి మనుషుల్ని పంపమని తహసీల్దారు ఒత్తిడి చేసినప్పుడు, ఊళ్లో ఎవరూ ముందుకు రాకపోతే, తన కొడుకు కుప్పుస్వామినే పంపాడు. ఆ పిల్లవాడిని మలయా తోలారు. సింగపూరు జపానువాళ్ల చేతిలో పడ్డాక ఉత్తరం లేదు, కబురు లేదు. ఆచూకీ తెలియదని ఒక తంతి వచ్చింది, అంతే. రెడ్డి భార్య చంద్రకాంతమ్మ ఆ తంతి వచ్చిన నాటి నుంచి పూలు పెట్టుకోవడం మానేసింది.

నలభై రెండు ఆగస్టులో కాంగ్రెసు పెద్దలందరినీ ఒక్కసారిగా పట్టుకుపోయారు. తెల్లవాళ్లు దేశం విడిచి పోవాలని జనం లేచారని, తిరుపతిలో బడి పిల్లలు కూడా వీధుల్లోకి వచ్చారని సంతలో చెప్పుకున్నారు. మునసబులెవరూ ఊరు కదలకూడదని తాలూకా నుంచి ఉత్తర్వు వచ్చింది. సరిగ్గా అదే వారంలో దొరస్వామి రెడ్డి చెల్లెలింట్లో పాపకు చెవులు కుట్టే పండగ పడింది. మేనమామ పోకపోతే ఎట్లా? ఒక్క పూటే గదా అని ఎవరికీ చెప్పకుండా బండి కట్టించుకుని పోయాడు.

ఆ సాయంత్రం చెంగయ్య ఎప్పటిలాగే వచ్చి అరుగు ముందు నిలబడ్డాడు. చాలాసేపటికి చంద్రకాంతమ్మ దీపం పట్టుకుని గడప దగ్గరికి వచ్చింది.

"ఆయన ఊళ్లో లేడు చెంగయ్యా. పొద్దున్నే వస్తాడు."

"మరి హాజరు, రెడ్డెమ్మా?"

"నేను సూసినాను గదా. వచ్చి పొయ్యినావని సెప్తాలే. పో."

చెంగయ్య ఇంకా కొంచెంసేపు నిలబడి, దండం పెట్టి వచ్చేశాడు. గుడిసెకు వచ్చి అక్కమ్మతో ఆ మాట చెప్పాడు కూడా. అంబలి తాగి పడుకున్నాడు.

తెల్లవారేసరికి పాకాల స్టేషనుకు అవతల తంతి తీగలు కోసి ఉన్నాయి. స్తంభాలు రెండు పక్కకు ఒరిగి ఉన్నాయి. రెడ్డి బండి ఊళ్లోకి వచ్చేటప్పటికే సబ్ ఇన్‌స్పెక్టరు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పొలం నుంచి వస్తున్నానని రెడ్డి ఏదో సర్దుకున్నాడు. భార్యతో మాట్లాడే సందు దొరకలేదు.

"నిన్న సాయంత్రం హాజరు తీసుకున్నావా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"తీసుకున్నాను సార్."

"ఎరుకలోళ్లంతా వచ్చినారా?"

పెంచలయ్య, మిగతా గుడిసెల మగవాళ్లు చీటీలు తీసుకుని గంపలమ్మడానికి పుంగనూరు పోయి ఉన్నారు. ఇక లెక్కకు వచ్చేది చెంగయ్య ఒక్కడే. రెడ్డి ఆ క్షణంలో ఏమనుకున్నాడో చాలా ఏళ్ల తర్వాత చంద్రకాంతమ్మే అక్కమ్మకు చెప్పింది. వాడు వచ్చాడో లేదో అతనికి తెలియదు. వచ్చాడని చెప్పి, రేపు వాడి గుడిసెలో తీగ దొరికితే ఉద్యోగం పోతుంది, తనూ జైలుకు పోతాడు. రాలేదంటే తన మీదికి ఏదీ రాదు.

"చెంగయ్య రాలేదు సార్" అన్నాడు.

చెంగయ్యను ఆ అరుగు ముందుకే లాక్కొచ్చారు. అక్కమ్మ వెనకాలే పరిగెత్తుకొచ్చింది. "వచ్చినాను సామీ! ఈడనే నిలబడినాను. లోపల అమ్మనడగండి" అని చెంగయ్య అరుస్తున్నాడు.

"ఏ అమ్మనురా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

రెడ్డి ముఖం మాడిపోయింది. "మా ఇంట్లో ఆడోళ్లు ఎరుకలోడి హాజరు తీసుకుంటారా సార్?" అన్నాడు. ఇన్‌స్పెక్టరు నవ్వాడు. పోలీసులు కూడా నవ్వారు.

తలుపు వెనక చీర అంచు కదలడం అక్కమ్మ చూసింది. తలుపు తెరుచుకోలేదు. ఆ ఇంటి ఆడవాళ్లకు పరాయి మగవాళ్ల ముందుకు వచ్చే అలవాటు లేదు. గుడిసె అంతా తవ్వినా తీగ ముక్క కూడా దొరకలేదు. అయినా బేడీలు వేసి పాకాల వైపు నడిపించుకుపోయారు. అక్కమ్మ స్టేషను దాకా వెంట పోయింది. అక్కడ లాఠీ పెట్టి పక్కకు నెట్టారు.

మరుసటి రోజు మధ్యాహ్నం ఆమె రెడ్డి ఇంటి పెరటి వాకిలికి పోయింది. చంద్రకాంతమ్మ బావి దగ్గర ఉంది. అక్కమ్మను చూడగానే చేతిలో చేద జారవిడిచింది.

"అమ్మా, నువ్వు సూసినావు గదా."

"సూసినాను."

"ఆ మాటొక్కటి సెప్పమ్మా. ఇంకేం అడగను."

"ఆయనకు సెప్పినాను అక్కమ్మా. నేను సెప్పేలోపలే ఆయన నోట్లోనుంచి మాట వచ్చేసినాది. ఇప్పుడు తిప్పి సెప్తే, ఆ పొద్దు నువ్వు యాడుండినావని అడుగుతారంట. ఊరిడిసి పొయ్యినందుకు ఆయన్ను పట్టుకుంటారంట."

"మరి మావోడు?"

చంద్రకాంతమ్మ లోపలికి పోయి చేటెడు రాగులు తెచ్చి కొంగులో పోయబోయింది. అక్కమ్మ కొంగు పట్టలేదు. రాగులు కొన్ని నేల మీద పడ్డాయి. ఇద్దరూ వాటినే చూస్తూ నిలబడ్డారు.

విచారణ చిత్తూరులో జరిగింది. అక్కమ్మ ముందు రోజే నడిచి బయల్దేరి కచేరీ గోడ పక్కన కూర్చుంది. లోపలికి రానియ్యలేదు. లోపల ఏం జరిగిందో బయటికి వచ్చిన ఒక బిళ్లబంట్రోతు చెప్పాడు. మునసబు వచ్చి, ఆ సాయంత్రం చెంగయ్య హాజరు కాలేదని ప్రమాణం చేసి చెప్పాడు. తీగల మాట ఎక్కువసేపు రాలేదు. రెండోసారి తప్పు, అదీ తీగలు తెగిన రాత్రి, అని చెప్పి రెండేళ్లు వేశారు.

చెంగయ్యను బయటికి తెచ్చినప్పుడు సంకెళ్ల చప్పుడుకు ఆమె లేచింది. అతను ఆమెను చూసి నడుస్తూనే అన్నాడు: "నానేసిన ఈత బరికెలు కుళ్లిపోతాయి. అన్నను ఎత్తి ఆరబెట్టమను."

ఆమె తలూపింది. ఇంకేదైనా అనాలనుకునేలోపల బండి ఎక్కించేశారు.

అరవ జిల్లాలో ఒక పెద్ద జైలుకు పంపారు. అక్కమ్మ ఒక్కసారి అక్కడికి పోగలిగింది. ఎరుకల మాట అరవానికి దగ్గర కాబట్టి వార్డర్లతో మాట్లాడగలిగింది. రెండు రోజులు గేటు ముందు కూర్చోబెట్టి మూడో రోజు చూపించారు. మధ్యలో కమ్మీల గోడ. చెంగయ్య తల గొరిగించారు. చెవులు పెద్దవిగా కనబడ్డాయని చెప్పేది అక్కమ్మ.

"రెడ్డెమ్మ సెప్పినాదా?" అని అడిగాడు.

"సెప్తాదంట" అంది అక్కమ్మ. అది అబద్ధం. వేరే ఏమనాలో ఆమెకు తోచలేదు.

"ఆయమ్మ మంచిదే. సెప్తాది" అన్నాడు చెంగయ్య.

మరుసటి ఏడు తిండికి కటకట. బియ్యం రంగూను నుంచి రావడం ఆగిపోయింది, సంతలో రాగులకు కూడా కొట్లాట. యుద్ధానికి పిల్లల్ని పంపిన తల్లులు మాత్రం సోదికి ఎక్కువయ్యారు. బర్మా, ఈజిప్టు, బస్రా అని ఊళ్ల పేర్లు చెప్పి, నా కొడుకు ఉన్నాడా అని చేయి చాపేవాళ్లు. అక్కమ్మ వాళ్ల ముఖం చూసి, ఉన్నాడని చెప్పేది. లేడని ఎవరికీ చెప్పలేదు. ఆ గింజలతోనే ఆమె, పెంచలయ్య కుటుంబం బతికారు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం చంద్రకాంతమ్మ పిలిపించింది. రెడ్డి ఊళ్లో లేడు. పెరటి పంచలో చేట పెట్టి బియ్యం పోసి ఉంచింది. పసుపు, కుంకుమ, తమలపాకులు. అక్కమ్మ రాగానే ఎదురుగా కూర్చుని చేయి చాపింది.

"నా కొడుకు సంగతి సెప్పు అక్కమ్మా. ఒకామె ఉండాడంటాది, ఒకామె లేడంటాది. నాకు నిద్ర లేదు."

అక్కమ్మ ఆ చేయి పట్టుకోలేదు. "అమ్మవారు పలకదమ్మా. నాకాడికి ఈ మధ్య రావడం లేదు" అంది.

"నీ కాళ్లు పట్టుకుంటాను."

నిజంగానే వంగబోయింది. అక్కమ్మ గబుక్కున చేయి పట్టుకుని ఆపింది. అలా పట్టుకున్నాక, అలవాటైన పాట మొదలైంది. మామూలుగా అయితే ఆ పాటలో తర్వాత ఏం అనాలో ఆమెకు ముందే తెలుసు. ఆ రోజు తెలియలేదు. మాట దానంతట అదే వచ్చిందని చెప్పింది.

"నీ కొడుకు పానంతో ఉండాడు. గోడెనకాల ఉండాడు. సెయ్యని తప్పుకు ఉండాడు. వాణ్ణి సూసినోళ్లు ఉండారు తల్లీ. సూసినోళ్లు నోరు తెరిస్తే వాడు బయటికొస్తాడు. తెరవడం లేదు."

చంద్రకాంతమ్మ చేయి వెనక్కి లాక్కోలేదు. "ఈ పొద్దు ఆయన్ను మళ్లీ అడుగుతాను" అంది.

అడిగింది. మరుసటి రోజు తనే పట్టాల దాకా నడిచి వచ్చింది. రెడ్డి ఇంటి ఆడమనిషి ఎరుకల గుడిసెల వైపు రావడం ఎవరూ ఎరగరు. చెంప వాచి ఉంది. "దూలానికి ఉరేసుకుంటానన్నాడు అక్కమ్మా. తాడు గూడా తెచ్చినాడు. కొడుకు లేడు, ఆయన గూడా లేకపోతే నేనేం గావాల? నాతో కాదు. నాతో కాదు." అంత మాత్రం చెప్పి, ముందు రోజు చేటలో పోసిన బియ్యం మూట అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

ఈసారి అక్కమ్మ బియ్యం తీసుకుంది. వండుకుంది. తింటున్నప్పుడు ఏమనిపించిందని నేను అడిగాను. "ఆకలనిపించినాది" అంది.

రెండేళ్లూ గడిచాయి. ఆగస్టు వచ్చింది. అక్కమ్మ రోజూ పాకాల స్టేషనులో కాట్పాడి నుంచి వచ్చే రైలుకు ఎదురు చూసింది. వినాయక చవితి పోయింది, దసరా పోయింది. మళ్లీ జైలుకు పోదామంటే పెంచలయ్యకు చీటీ ఇవ్వలేదు. వస్తాడులే, తొందరెందుకు అన్నాడు రెడ్డి.

వచ్చింది చెంగయ్య కాదు. ఖద్దరు చొక్కా వేసుకున్న ఒక సన్నటి మనిషి గుడిసెలు వెతుక్కుంటూ వచ్చాడు. యతిరాజులు అని, తిరుపతిలో బడిపంతులు. ఆగస్టు గొడవల్లో జైలుకు పోయి ఆ వారమే విడుదలయ్యాడు. అక్కమ్మ నులకమంచం వాల్చింది. ఆయన కూర్చోలేదు.

"చెంగయ్య భార్య మీరేనా అమ్మా?" అన్నాడు. ఆమెను 'మీరు' అన్న మొదటి మనిషి ఆయనే. ఆ మాటకే ఆమెకు భయం వేసిందట.

ఆయనా చెంగయ్యా జైలు ఆస్పత్రిలో పక్కపక్కన ఉన్నారు. చెంగయ్యకు రక్త విరేచనాలు. కిందటి ఏడు వానాకాలంలోనే పోయాడు. రాజకీయ ఖైదీలు ఆ రోజు అన్నం ముట్టలేదు. ఇంటికి కబురు పంపారా అని వాళ్లు అడిగితే, పంపామని చెప్పారు.

"ఆ తీగలు కోసింది మేమమ్మా" అన్నాడు యతిరాజులు తల వంచుకుని. "నేనూ, నా దగ్గర చదువుకునే ఇద్దరు పెద్ద పిల్లలూ. ఆయన కేసు విన్నాక నేనే అధికారులకు చెప్పాను, ఇది మా పని, ఆయనను వదలండి అని. నాకు ఇంకో ఆరు నెలలు కలిపారు. ఆయన తీగల కోసం లోపల లేడు, హాజరు తప్పినందుకు ఉన్నాడు అన్నారు. నేను చేయగలిగింది ఇంకేం లేకపోయింది."

"కిందటేడు వానల్లోనా?" అని మాత్రం అడిగింది అక్కమ్మ. ఏడాదికి పైగా గడిచిపోయింది. ఆ ఏడాదిలో ఆమె ఎంతమంది ఆడవాళ్లకు, నీవాడు బతికే ఉన్నాడని చెప్పిందో.

"ఏమన్నా సెప్పినాడా సామీ?"

"స్వరాజ్యం వస్తే చీటీ లేకుండా కాళహస్తి పోవచ్చునా అని అడిగేవాడు. పోవచ్చు అన్నాను. నవ్వేవాడు."

ఆ తర్వాత అక్కమ్మ సోది బుట్ట ముట్టలేదు.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు కుప్పుస్వామి తిరిగి వచ్చాడు. జపానువాళ్లకు చిక్కాక, అక్కడ మనవాళ్లు కట్టిన ఆజాద్ హింద్ ఫౌజులో చేరాడట. తెల్లవాళ్లు గెలిచాక మళ్లీ పట్టుకుని శిబిరంలో పెట్టారట. జీతం ఇవ్వకుండా పటాలం నుంచి వెళ్లగొట్టారు. అయినా పాకాల స్టేషనులో మేళాలు, పూలదండలు. దొరస్వామి రెడ్డి అప్పటికి ఖద్దరు కట్టుకుంటున్నాడు. వీరుడి తండ్రి అని ఆయనకు కూడా దండ వేశారు.

"గోడెనకాల ఉండాడని నువ్వు సెప్పినట్టే జరిగినాది" అని చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు అక్కమ్మ గుడిసె ముందుకు చేరారు. ఆమె బయటికి వచ్చి చేతులు జోడించింది. "నా మొగుడు సచ్చిపోయినాడని నాకే తెల్వకపాయె. ఒకరికి నేనేం సెప్పేది? పోండి తల్లీ." వాళ్లు నమ్మలేదు, బతిమాలారు. చివరికి ఆమె తడిక వేసుకుంది.

నలభై ఏడులో జెండా పండుగ బడి ముందు జరిగింది. జెండా ఎగరేసింది మునసబు దొరస్వామి రెడ్డి. యతిరాజులును తిరుపతి నుంచి పిలిపించారు. ఆయన మాట్లాడుతూ, ఈ ఊరి ఎరుకల చెంగయ్య కూడా స్వరాజ్యం కోసం ప్రాణమిచ్చిన వాడేనని, ఇకమీదట ఏ ఎరుకలవాడూ హాజరుకు నిలబడనక్కర లేదని, ఆ చట్టాన్ని తీసేస్తున్నారని చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. రెడ్డి కూడా కొట్టాడు. అక్కమ్మ అందరికన్నా వెనక నిలబడి ఉంది.

"పంతులు మంచోడే" అంది నాతో. "కానీ అది గూడా నిజం కాదు గదా. మావోడు తీగ కోసినోడు కాదు, జెండా పట్టినోడు కాదు. హాజరుకు పోయినోడు. పోయినాడని సెప్పి ఉంటే సాలు. ప్రాణమిచ్చినాడంట. ఎవరిచ్చినారు? తీసుకున్నారు."

చీటీ అక్కర లేదని తెలిశాక పెంచలయ్య ఆమెను వెంటబెట్టుకుని జైలుకు పోయాడు. దారిలో పోలీసు టోపీ కనిపించినప్పుడల్లా ఆయన చేయి జేబులోకి పోయేది, లేని చీటీ కోసం. జైలు వెనక ముళ్లచెట్ల బీడు చూపించి, దిక్కులేని వాళ్లను అక్కడే పూడుస్తామన్నాడు వార్డరు. ఏ చోట అని అడిగితే, అంతా అదే అన్నాడు. అక్కమ్మ తెచ్చిన పూలు ఎక్కడ పెట్టాలో తెలియక, అంచున ఒక రాయి మీద పెట్టి వచ్చింది.

ఆ చలికాలంలో చంద్రకాంతమ్మ గుడిసెకు వచ్చింది. పట్టపగలు, అందరూ చూస్తుండగానే వచ్చి, అక్కమ్మ ముందు నేల మీదే కూర్చుంది. అక్కమ్మ గంప అల్లడం ఆపలేదు.

"ఇప్పుడు సెప్తాను అక్కమ్మా. ఆ పొద్దు చెంగయ్య వచ్చినాడని సెప్తాను. నాకిప్పుడు భయం లేదు. ఎవరికి సెప్పాల్నో సెప్పు, పోయి సెప్తాను."

అక్కమ్మ చేతిలో బరికె ఆగింది. ఎవరికి చెప్పాలి? ఆ ఇన్‌స్పెక్టరు బదిలీ మీద ఎటో పోయాడు. శిక్ష వేసిన దొర ఓడెక్కి తన దేశం పోయాడు. తీసుకుపోయిన చట్టం కూడా లేదు.

"నాకు తెల్దమ్మా" అంది. "నిజంగానే తెల్దు."

చంద్రకాంతమ్మ తన కొడుక్కు చెప్పింది. కుప్పుస్వామి అంతా విని, "అయిపోయినాది గదమ్మా. నాయన పరువు పోతాది" అన్నాడట. ఇరుగుపొరుగుకు చెప్పింది. కొడుకు దూరమైన ఆ నాలుగేళ్లలో ఆయమ్మకు మతి చెడిందని, పాపం ఏదేదో మాట్లాడుతోందని వాళ్లు అనుకున్నారు. రెడ్డి ఆమెను తిరుమల కొండకు తీసుకుపోయి తల నీలాలు ఇప్పించి తెచ్చాడు. ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు.

మరుసటి ఏడు శ్రీనివాసులు అనే కొత్త కానిస్టేబులు గుడిసెలకు వచ్చాడు. పాత చట్టం పోయింది గానీ, మళ్లీ మళ్లీ శిక్షపడ్డ వాళ్ల మీద కన్నేసి ఉంచాలని ఇంకో చట్టం వచ్చిందన్నాడు. కుర్రవాడు, మర్యాదగానే మాట్లాడాడు. పెంచలయ్యను ఏవో అడిగి పంపేశాడు. తర్వాత అక్కమ్మ గుడిసె ముందు ఆగాడు.

"చెంగయ్య యాడ?"

"లేడు సామీ."

"యాడికి పొయ్యినాడు? రెండు శిక్షలుండాయి గదా, కనబడాల."

"సచ్చిపోయినాడు. జైల్లోనే సచ్చిపోయినాడు."

"కాయితం ఉండాదా?"

అక్కమ్మ లేదన్నట్టు తలూపింది. కానిస్టేబులు ఇబ్బందిగా టోపీ తీసి తల గోక్కున్నాడు.

"కాయితం లేకపోతే నేనేం రాసేది అవ్వా? ఒకవేళ వస్తే స్టేషనుకు రమ్మని సెప్పు" అని సైకిలెక్కాడు.

"సరే సామీ" అంది అక్కమ్మ.